ఆదివారం బార్లు మూయించిన పోలీసు బాస్ – థియోడర్ రూజ్‌వెల్ట్

అమెరికా 26వ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పేరు వినగానే కొందరికి పనామా కాలువ గుర్తొస్తుంది, కొందరికి ఆయనకు వచ్చిన నోబెల్ శాంతి బహుమతి. పిల్లలు ఆడుకునే టెడ్డీ బేర్ బొమ్మకు ఆ పేరు ఆయన ముద్దుపేరు నుంచే వచ్చింది. అధ్యక్షుడు కావడానికి ఆరేళ్ల ముందు ఆయన న్యూయార్క్ నగర పోలీసు శాఖకు పెద్దగా రెండేళ్లు పనిచేశారన్న సంగతి మాత్రం మన దగ్గర తక్కువ మందికే తెలుసు. ఆ రెండేళ్లలో ఆయనకు ఎక్కువ శత్రువులను తెచ్చిపెట్టింది దొంగలూ కాదు, హంతకులూ కాదు. మద్యం దుకాణం తలుపు ఎప్పుడు మూయాలి అన్న ఒక్క ప్రశ్న.

రూజ్‌వెల్ట్ 1858 అక్టోబర్ 27న న్యూయార్క్‌లో బాగా కలవారి ఇంట పుట్టారు. చిన్నప్పుడు ఉబ్బసంతో రాత్రుళ్లు ఊపిరాడక కూర్చునే ఉండేవారట. తండ్రి ప్రోత్సాహంతో కసరత్తు మొదలుపెట్టి ఒంటిని గట్టిచేసుకున్నారు. 1880లో హార్వర్డ్‌లో చదువు ముగించి, 23 ఏళ్లకే రాష్ట్ర అసెంబ్లీకి ఎన్నికయ్యారు. 1884 ఫిబ్రవరి 14న ఒకే రోజు, ఒకే ఇంట్లో తల్లి, భార్య ఇద్దరూ చనిపోయారు. అప్పటికి పాప పుట్టి రెండు రోజులే. ఆ దుఃఖంలో రాజకీయాలు పక్కన పెట్టి, పశువులు మేపించుకుంటూ డకోటా మైదానాల్లో కొంతకాలం గడిపారు. 1886లో తిరిగొచ్చి మేయర్ పదవికి పోటీ చేస్తే మూడో స్థానం వచ్చింది. అదే ఏడాది మళ్లీ పెళ్లి చేసుకున్నారు. 1889 నుంచి ఆరేళ్లు వాషింగ్టన్‌లో సివిల్ సర్వీస్ కమిషనర్‌గా ఉండి, సర్కారు ఉద్యోగాలు సిఫారసు మీద కాకుండా పరీక్ష మీద ఇవ్వాలని అందరితో పోట్లాడారు.

ఈ మధ్యలో ఇంట్లో ఒక విషాదం జరిగింది. ఆయన తమ్ముడు ఎలియట్ అందగాడు, సరదా మనిషి, అందరికీ ఇష్టుడు. తాగుడు అతన్ని మింగేసింది. చికిత్సలు చేయించారు, భార్యాపిల్లల నుంచి దూరంగా ఉంచారు, ఏదీ పనిచేయలేదు. 1894 ఆగస్టులో, 34 ఏళ్ల వయసులో ఎలియట్ చనిపోయాడు. అతని కూతురు ఎలినార్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ మరుసటి ఏడాదే రూజ్‌వెల్ట్ పోలీసు శాఖలోకి వచ్చారు కాబట్టి, తమ్ముడి చావే ఆయన చేత బార్లు మూయించింది అని కథ అల్లడం తేలిక. అలా అల్లకపోవడమే మంచిది. ఆయన మద్య నిషేధవాది కాదు. తానే అప్పుడప్పుడు కొద్దిగా వైన్ తీసుకునేవారు. ఆయన పట్టుదల మద్యం మీద కంటే మామూళ్ల మీద.

మామూలు! ఉర్దూలో ఈ మాటకు రివాజుగా జరిగేది అని అర్థం. లంచం రివాజైపోతే దాన్ని లంచం అనడానికి కూడా ఎవరికీ నోరు రాదు కదా. 1890ల న్యూయార్క్ అచ్చంగా అలాగే ఉండేది. నగరాన్ని నడిపించేది టామనీ హాల్ అనే రాజకీయ ముఠా. డెమోక్రటిక్ పార్టీకి ఆ నగరంలో అదే ప్రాణం. 1892లో చార్లెస్ పార్క్‌హర్స్ట్ అనే చర్చి బోధకుడు పోలీసులు, నేరగాళ్లు చేతులు కలిపారని బహిరంగంగా ఆరోపించారు. రుజువేదీ అని అడిగితే మారువేషం వేసుకుని తానే రాత్రుళ్లు ఆ దుకాణాలన్నీ తిరిగి వచ్చారు. 1894లో రాష్ట్ర సెనేట్ వేసిన లెక్సో కమిటీ ముందు ఒక్కొక్కరే వచ్చి సాక్ష్యం చెప్పారు. అది 10,000 పేజీలు దాటింది. కెప్టెన్ పదవి కోసం 15,000 డాలర్లు కట్టానని ఒక పోలీసు అధికారే ఒప్పుకున్నాడు. కెప్టెన్ జీతం ఏడాదికి 3,000 డాలర్లు కూడా లేదు. మరి ఆ 15,000 ఎక్కడి నుంచి తిరిగి రావాలి?

ఎక్కువగా మద్యం దుకాణాల నుంచే. వాటిని అక్కడ సెలూన్లు అనేవారు. మన దగ్గర సెలూన్ అంటే జుట్టు కత్తిరించుకునే చోటు. అమెరికాలో ఆ రోజుల్లో సెలూన్ అంటే వీధి మూల బార్. న్యూయార్క్‌లో అవి వేల సంఖ్యలో ఉండేవి. రాష్ట్ర చట్టం ప్రకారం శనివారం అర్ధరాత్రి నుంచి ఆదివారమంతా మద్యం అమ్మకూడదు. ఈ నిబంధన పాతదే. 1892లో అసెంబ్లీ దాన్ని మళ్లీ రాసి ఆమోదించింది. చిత్రమేమిటంటే ఆమోదించిన వాళ్లలో టామనీ మనుషులూ ఉన్నారు. చట్టం చేసి గ్రామీణ ఓటర్లను సంతోషపెట్టారు, అమలు చేయకుండా నగర ఓటర్లను సంతోషపెట్టారు. మధ్యలో మిగిలింది వసూలు.

అది ఎలా నడిచేదో చూడండి. ఆదివారం సెలూన్ ముందు తలుపు వేసి ఉంటుంది, కిటికీలకు తెరలు దించి ఉంటాయి. పక్క సందులో ఇంకో తలుపు ఉంటుంది. తట్టిన వాళ్లకు అది తెరుచుకుంటుంది. వీధిలో గస్తీ తిరిగే పోలీసుకు ఆ సంగతి తెలుసు. నెలనెలా డబ్బు ముట్టిన దుకాణం వైపు అతను చూడడు. కట్టనివాడి దుకాణం మీద, లేదా ఎన్నికల్లో ఎదుటి పార్టీకి పనిచేసినవాడి మీద చట్టం గబుక్కున మేలుకుంటుంది. అరెస్టుల లెక్క కూడా బాగానే కనిపిస్తుంది. కాబట్టి పోలీసులకు ఈ చట్టం రద్దయితే నష్టం, అందరి మీదా సమానంగా అమలైనా నష్టమే. ఉండీ లేనట్టు ఉంటేనే లాభం. చిన్న దుకాణదారుడి పరిస్థితి చూస్తే జాలేస్తుంది. చట్టాన్ని పాటిస్తే పక్క దుకాణం వాడు గిరాకీ అంతా లాగేసుకుంటాడు, పాటించకపోతే కెప్టెన్ చేతిలో బందీ.

లెక్సో కమిటీ దెబ్బతో 1894 చివర్లో టామనీ ఓడిపోయి, విలియం స్ట్రాంగ్ అనే వ్యాపారి మేయర్ అయ్యారు. ఆయన పిలుపు మీద రూజ్‌వెల్ట్ 1895 మే 6న పోలీసు బోర్డులో చేరారు. బోర్డులో నలుగురు కమిషనర్లు. మిగతా ముగ్గురు రూజ్‌వెల్ట్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. అప్పటికాయనకు 36 ఏళ్లు. నెల తిరగకుండానే దేశమంతా పేరున్న పోలీసు చీఫ్ థామస్ బైర్న్స్ రాజీనామా చేయాల్సి వచ్చింది. జీతానికి పొంతన లేని ఆస్తి అతని దగ్గరుందని కమిటీ ముందే బయటపడింది.

తర్వాత రాత్రి తిరుగుళ్లు మొదలయ్యాయి. జూన్ మొదటి వారంలో ఒక రాత్రి రెండు గంటలకు రూజ్‌వెల్ట్ టోపీ కిందికి లాక్కుని, జేకబ్ రీస్ అనే విలేకరిని వెంటబెట్టుకుని వీధుల్లోకి వెళ్లారు. డెన్మార్క్ నుంచి వలస వచ్చిన ఈ రీస్ పేదల ఇరుకు ఇళ్ల గురించి పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నవాడు. ఏ సందులో ఏముందో అతనికి తెలుసు. గస్తీ ఉండాల్సిన చోట్ల చాలావరకు పోలీసులు లేరు. ఒకడు వెన్న డబ్బా మీద కూర్చుని గురక పెడుతున్నాడు. ఇంకొకడు హోటల్లో కూర్చుని తింటూ, డ్యూటీ సంగతి అడిగిన ఈ అపరిచితుడిని కసిరాడు. తెల్లారేసరికి వాళ్లందరికీ కమిషనర్ ఎదుట హాజరు కమ్మని హుకుం వెళ్లింది. బాగ్దాద్ ఖలీఫా హారూన్ రషీద్ మారువేషంలో రాత్రుళ్లు తిరిగేవాడన్న కథలు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. అమెరికా పత్రికలు కూడా రూజ్‌వెల్ట్‌కు ఆ ఖలీఫా పేరే తగిలించి కార్టూన్లు వేశాయి. ఆయన కళ్లద్దాలు, పెద్ద పళ్లు నగరమంతా జోక్ అయిపోయాయి. వీధుల్లో ఆ పళ్ల ఆకారంలో ఈలలు చేసి అమ్మారు.

ఈ రాత్రి తిరుగుళ్లు జనానికి నచ్చాయి. ఆదివారం చట్టం దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. జూన్ నెలలోనే ఆయన ఆదేశం ఇచ్చారు. చట్టం ఉన్నంతకాలం అమలు చేయాల్సిందే, పెద్ద దుకాణం, చిన్న దుకాణం తేడా లేదు, మన పార్టీ వాళ్లయినా వదిలేది లేదు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. చట్టం మంచిదా చెడ్డదా తేల్చాల్సింది అసెంబ్లీ, పోలీసు కాదు. చెడ్డదైతే ఖచ్చితంగా అమలు చేసి చూపించండి, అప్పుడు జనమే మార్పించుకుంటారు. పోలీసు తన ఇష్టం వచ్చినప్పుడు చూసీచూడనట్టు ఉండగలిగినంత కాలం ఆ కళ్లు మూసినందుకు డబ్బు పుట్టుకొస్తూనే ఉంటుంది.

రాజకీయ పలుకుబడి ఉన్న ఒక సెలూన్ యజమానిని, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కానిస్టేబుల్ ఆదివారం నాడు పట్టుకున్నాడు. అంతవరకు ఆ మనిషి మీద చేయి వేసినవాడు లేడు. పెనుగులాట అయింది, దెబ్బలు తగిలాయి. మర్నాడు కోర్టు నిండా యజమాని తరఫు పెద్దలే. ఆ గుంపులోకి రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి కానిస్టేబుల్ పక్కన నిలబడ్డారు. తర్వాత అతనికి ప్రమోషన్ ఇచ్చారు. పై అధికారి వెనక ఉన్నాడని తెలిస్తే కింది ఉద్యోగి ఎంత ధైర్యం చేస్తాడో శాఖలో మిగతావాళ్లందరికీ ఆ రోజు తెలిసింది. కొన్ని వారాల్లోనే న్యూయార్క్‌లో ఎన్నడూ చూడని ఎండిపోయిన ఆదివారాలు వచ్చాయి. దాహం ఆగనివాళ్లు పడవలెక్కి నది దాటి న్యూజెర్సీ వైపు వెళ్లారు.

ఇక్కడ రూజ్‌వెల్ట్ వాదనలో ఒక లోటు ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. ఆ రోజుల్లో కూలి చేసేవాడికి వారంలో ఆరు రోజులు పని, ఆదివారం ఒక్కటే సెలవు. సరిగ్గా ఆ రోజే అతని దుకాణం మూత. ధనవంతుడికి తన ప్రైవేటు క్లబ్బు ఉంది, అక్కడ చట్టం అడ్డు రాదు. హోటల్లో బస చేసినవాడు భోజనంతో పాటు ఆదివారం కూడా తెప్పించుకోవచ్చు. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన లక్షల మందికి ఆదివారం మధ్యాహ్నం కుటుంబంతో బీరు తోటలో కూర్చోవడం తాతల నాటి అలవాటు. పోయిన ఎన్నికల్లో టామనీని ఓడించింది వీళ్ల ఓట్లే. మామూళ్లు తీసుకున్న కెప్టెన్లను దించండి అని ఓటేస్తే మా ఆదివారం తీసుకున్నారేమిటి అని వాళ్లు రగిలిపోయారు. చట్టం అందరికీ ఒక్కటే అని కమిషనర్ అనొచ్చు. చట్టం రాసినవాళ్లే దాన్ని ఒక్కటిగా రాయలేదు మరి. ఐసు అమ్మేవాళ్లను, పూలు అమ్మేవాళ్లను కూడా పోలీసులు పట్టుకుంటున్నారని కొన్ని పత్రికలు రాశాయి. తాను వెంటపడింది మద్యం అమ్మకం ఒక్కదాన్నే అని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది.

1895 సెప్టెంబర్ 25న జర్మన్ సంఘాలు ఆయనకు వ్యతిరేకంగా పెద్ద ఊరేగింపు తీశాయి. వేల మంది, బ్యాండ్లు, బీరు పీపాలు, ఎగతాళి బ్యానర్లు. వెక్కిరింపుగా ఆయనకూ ఆహ్వానం పంపారు. ఆయన నిజంగానే వచ్చి వేదిక మీద కూర్చున్నారు. కళ్లు సరిగ్గా ఆనని ఒక ముసలాయన నడుస్తూ నడుస్తూ ఆ రూజ్‌వెల్ట్ ఎక్కడ అని జర్మన్‌లో గట్టిగా అడిగితే, ఇక్కడే ఉన్నానని ఈయన వేదిక మీద నుంచి జర్మన్‌లోనే జవాబిచ్చారు. తనను తిట్టిన బ్యానర్లను జ్ఞాపకంగా ఇమ్మని అడిగి పుచ్చుకున్నారు. తిట్టడానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లారు. ఓట్లు మాత్రం వేయలేదు. నవంబర్ ఎన్నికల్లో నగరంలో టామనీ మళ్లీ గెలిచింది. సొంత రిపబ్లికన్ పార్టీ ఆయనకు దూరం జరిగింది. కాస్త మెత్తగా వెళ్లమని మేయర్ స్ట్రాంగ్ కూడా బతిమాలారు. ఆయన వినలేదు.

1896 మార్చిలో రాష్ట్ర అసెంబ్లీ కొత్త చట్టం తెచ్చింది. జాన్ రైన్స్ అనే సెనేటర్ పేరు మీద దాన్ని రైన్స్ చట్టం అన్నారు. న్యూయార్క్ నగరంలో లైసెన్స్ ఫీజు ఏడాదికి 800 డాలర్లకు పెంచారు. లైసెన్సుల అజమాయిషీని స్థానిక బోర్డుల నుంచి తీసి రాష్ట్ర అధికారికి అప్పగించారు. మూసి ఉండాల్సిన వేళల్లో లోపల ఏముందో బయటి నుంచి కనపడేలా కిటికీ తెరలు తీసి ఉంచాలన్నారు. ఆదివారం మినహాయింపు హోటళ్లకు మాత్రమే, అదీ భోజనంతో కలిపి ఇస్తేనే. హోటల్ అంటే కనీసం పది పడక గదులు ఉండాలి.

ఆ చివరి వాక్యమే కొంప ముంచింది. సెలూన్ యజమానులు పై అంతస్తులో పలకలు అడ్డం పెట్టి పది గదులు చేశారు. బోర్డు మార్చారు. రాత్రికి రాత్రే హోటల్! భోజనం పేరుకు బల్ల మీద ఒక శాండ్‌విచ్ పెట్టేవారు. ఎవరూ తినేవారు కాదు. అదే శాండ్‌విచ్ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు రోజంతా తిరిగేది. కొన్ని చోట్ల రెండు రొట్టె ముక్కల మధ్య ఇటుక పెట్టి చట్టాన్ని వెక్కిరించారని రీస్ రాశారు. ఒక జడ్జీ అయితే ఒక ఉప్పు బిస్కెట్టుతో పదిహేడు బీర్లు తాగినా అది భోజనమే అని తీర్పిచ్చారని రూజ్‌వెల్ట్ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. నవ్వొచ్చే సంగతులే. పైన ఆ పది గదులు ఏమయ్యాయో తెలిస్తే నవ్వు ఆగిపోతుంది. అద్దెకు ఎవరూ రాని గదులు వ్యభిచారానికి అడ్డాలయ్యాయి. కొన్నేళ్లలో ఇలాంటి హోటళ్లు వెయ్యి దాటాయి. వాటిని మూయించడానికే 1905లో పౌరులు ఒక కమిటీ పెట్టుకోవాల్సి వచ్చింది. వెనకటి పక్క తలుపు కంటే ఇది ఎన్నో రెట్లు హానికరం.

ఆ పదవిలో ఆయన చేసినవి ఇంకా ఉన్నాయి. సైకిల్ దళం పెట్టారు, పోలీసులకు తుపాకీ కాల్చడంలో శిక్షణ మొదలుపెట్టారు. 1896 ఆగస్టులో వడగాల్పులకు నగరంలో వెయ్యి మందికి పైగా చనిపోయినప్పుడు పోలీసు స్టేషన్ల ద్వారా పేదలకు ఉచితంగా ఐసు పంచే పని దగ్గరుండి చూశారు. నాకు అన్నిటికంటే నచ్చేది 1895 డిసెంబర్ సంగతి. హెర్మన్ ఆల్వార్ట్ అనే జర్మన్ రాజకీయవేత్త యూదులను దూషిస్తూ ఉపన్యాసాలివ్వడానికి న్యూయార్క్ వచ్చాడు. సభ ఆపమని యూదులు కోరారు. ఆపితే అతను హీరో అవుతాడని రూజ్‌వెల్ట్ ఆలోచించి, అతని రక్షణకు దాదాపు నలభై మంది పోలీసులను పంపారు. అందరూ యూదులే. తను తిడుతున్న వాళ్ల కాపలాలోనే అతను మాట్లాడి వెళ్లాల్సి వచ్చింది.

బోర్డులో తోటి కమిషనర్ ఆండ్రూ పార్కర్‌తో పోట్లాటలు ముదిరి ఏ ప్రమోషనూ ముందుకు కదలని స్థితి వచ్చింది. 1897 ఏప్రిల్‌లో నౌకాదళ సహాయ కార్యదర్శి పదవి రాగానే రూజ్‌వెల్ట్ రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ ఏడాది చివర్లో టామనీ మేయర్ పదవి తిరిగి గెలుచుకుంది. లెక్సో కమిటీ రోజుల్లో ఆరోపణలు ఎదుర్కొన్న విలియం డెవరీ 1898లో పోలీసు చీఫ్ అయ్యాడు. పక్క తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

తర్వాతి జీవితం చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. క్యూబా యుద్ధం, న్యూయార్క్ గవర్నర్ పదవి, ఉపాధ్యక్ష పదవి, 1901 సెప్టెంబర్‌లో మెకిన్లీ హత్యతో అధ్యక్ష పదవి. న్యూయార్క్‌లో బలహీనుడి పక్షాన నిలబడ్డట్టు కనిపించిన ఈయన హయాంలోనే, 1906 మార్చిలో ఫిలిప్పీన్స్‌లోని బుద్ దాజో కొండ మీద ఆశ్రయం తీసుకున్న వందల మంది మోరో ముస్లింలను, ఆడవాళ్లు పిల్లలు సహా, అమెరికా సైన్యం చంపేసింది. దానికి ఆయన సేనాధిపతిని అభినందిస్తూ తంతి పంపారు. ఆయన గురించి రాసేటప్పుడు ఇది వదిలేయకూడదు.

మద్యం ఆయన్ని చివరిదాకా వదల్లేదు, ఇంకో రకంగా. 1912లో మిషిగన్‌లో ఒక పత్రికా సంపాదకుడు ఈయన తాగుబోతు అని రాశాడు. రూజ్‌వెల్ట్ పరువు నష్టం దావా వేశారు. 1913 మేలో ఆయనే కోర్టుకెక్కి తాను ఎప్పుడెప్పుడు ఎంత తాగారో లెక్క చెప్పారు. డాక్టర్లు, మిత్రులు, విలేకరులు వరసగా సాక్ష్యమిచ్చారు. సంపాదకుడు తప్పు ఒప్పుకున్నాడు. పరువు దక్కితే చాలన్నారు కాబట్టి కోర్టు ఆయనకు ఇప్పించిన పరిహారం ఆరు సెంట్లు!

రూజ్‌వెల్ట్ 1919 జనవరి 6న నిద్రలోనే కన్నుమూశారు. పది రోజులకు, జనవరి 16న, దేశమంతా మద్య నిషేధం తెచ్చే రాజ్యాంగ సవరణకు ఆమోదం పూర్తయింది. మరుసటి ఏడాది అది అమల్లోకి వచ్చింది. ఆ నిషేధాన్ని అమలు చేసే సొంత చట్టాన్ని న్యూయార్క్ రాష్ట్రం 1923లోనే రద్దు చేసుకుంది. 1933 డిసెంబర్‌లో దేశవ్యాప్త నిషేధం కూడా పోయింది. అప్పుడు అధ్యక్షుడు ఆయన దూరపు బంధువు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. వైట్ హౌస్‌లో ఫ్రాంక్లిన్ భార్యగా ఉన్నావిడ, తాగుడుతో చనిపోయిన ఎలియట్ కూతురు ఎలినార్.